ఇరవై డిగ్రీల దగ్గర వంపు

ఎండాకాలం హైదరాబాద్‌లో ఇరవై డిగ్రీల నీళ్లు కావాలంటే ఐసు కొనుక్కోవాలి. నవ్వుకోవడానికి చెప్పడం లేదు. యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబులో ఆరేళ్లు నేను వెలగబెట్టిన పరిశోధన తార్నాక చౌరస్తా పక్కన ఉండే ఒక చెరుకు రసం బండి మీద ఆధారపడి నడిచింది. ఆ ఐసే చివరికి నా పీహెచ్‌డీని ముంచింది. నిజానికి ముంచింది ఐసు కాదు, నేనే. ఆ సంగతి నిదానంగా చెప్తాను. గబగబా చెప్తే మళ్లీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నేను చేసింది చర్యల వేగాలు కొలిచే పని. పర్మాంగనేట్ అని ఊదారంగు మందు ఉంటుంది. వెనకటికి బావుల్లో వేసేవాళ్లు. దాన్ని ఒక అమైనో ఆమ్లంతో కలిపితే ఆ రంగు మెల్లమెల్లగా వెలిసిపోతుంది. ఎంత మెల్లగా వెలుస్తుందో కొలవాలి. ఫ్లాస్కును నీళ్ల తొట్టిలో నిలబెట్టి, గడియారం చూసుకుంటూ, కాసేపటికోసారి కొంచెం బయటికి తీసి, మిగిలిన పర్మాంగనేట్ ఎంతో లెక్కగట్టాలి. ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే "రంగు పోతుంటే చూస్తూ కూర్చుంటున్నా" అనేదాన్ని. మా అమ్మ మాత్రం మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో అందరికీ మా పిల్ల సైంటిస్టు అని చెప్పుకునేది.

వేగాన్ని పెంచేవి ముఖ్యంగా రెండు. ఒకటి గాఢత. ద్రావణంలో మందు రెట్టింపు చేస్తే నా చర్య వేగం రెట్టింపయ్యేది, సగం చేస్తే సగమయ్యేది. పొద్దున ఎనిమిదిన్నరకు తార్నాక మెట్రో మెట్ల మీద చూడండి, జనం ఎక్కువైతే భుజాలు తగలడం ఎక్కువవుతుంది. అంతే సంగతి. రెండోది ఉష్ణోగ్రత. జనం అంతే ఉన్నా అందరికీ ఒక్కసారి తొందర పుడితే ఏమవుతుందో అది. పది డిగ్రీలు పెరిగితే వేగం సుమారుగా రెట్టింపవుతుందని ఇంటర్ పిల్లలు కూడా చెప్తారు. గాఢత ఎప్పుడూ నన్ను మోసం చేయలేదు. తూకం సరిగ్గా వేసి, ఫ్లాస్కు మెడ మీది గీత దాకా నీళ్లు పోస్తే అది నా మాట వినేది. ఉష్ణోగ్రత ఎవరి మాటా వినదు, అందులోనూ ఏప్రిల్లో, ఏసీ లేని గదిలో.

మా తొట్టి నాకంటే ముందు నలుగురు పరిశోధకుల చేతుల్లో నలిగింది. హీటరు పనిచేసేది. నీళ్లను తిప్పే మోటారు బెల్టు ఎప్పుడో తెగిపోయింది. చల్లబరిచే యంత్రం కావాలని నా గైడు, మా సార్, ప్రతి ఏడూ యూనివర్సిటీకి రాసేవారు, వాళ్లు ప్రతి ఏడూ వచ్చే ఏడు చూద్దామనేవాళ్లు. వానాకాలం మధ్యాహ్నాలు ముప్పై నుంచి యాభై డిగ్రీల దాకా రన్లు, అంటే మొదలుపెట్టి రంగు పోయేదాకా చేసే కొలతలు, చకచకా అయిపోయేవి, హీటరు వేస్తే చాలు. ఇరవై, ఇరవై అయిదు డిగ్రీల దగ్గరే వచ్చేది తిప్పలు. చల్లగా ఉంటే చర్య నత్తనడక నడుస్తుంది, ఒక్క రన్ ఆరేడు గంటలు పడుతుంది. ఎమ్మెస్సీ పిల్లల ప్రాక్టికల్స్ నడుస్తున్నంత కాలం రోజంతా తొట్టి నా ఒక్కదానికి ఎవరిస్తారు? ఎండాకాలం సెలవుల్లోనే ఇస్తారు. అంటే ఏడాదిలో అన్నిటికంటే చల్లటి పనిని అన్నిటికంటే వేడి నెలల్లో చేయాలి. ఏం ఖర్మో చూడండి.

అందుకే ఐసు. నేను చేరిన ఏడాదే వెళ్లిపోతున్న సీనియర్ అక్క ఈ ఆచారాన్ని నాకు అప్పగించి పోయింది. "ఐసు గడ్డలు ఎడమ పక్కనే వెయ్యి. కుడి పక్క ఫ్లాస్కులుంటయ్, గడ్డ తగిలితే పలుగుతయ్" అంది. థర్మామీటరు కూడా ఎడమ పక్కనే క్లిప్పు పెట్టి ఉండేది, స్టూలు మీద కూర్చుంటే అక్కడైతే బాగా కనబడుతుందని. ఫ్లాస్కులు పగలకూడదన్న భయం తప్ప ఇంకో ఆలోచన నా బుర్రకు రాలేదు. ఇరవైకి పైన పాదరసం పాకితే ఒక గడ్డ వేయడం, కిందికి పోతే కాసేపు ఆగడం. మొదట్లో గాజు కడ్డీతో నీళ్లు కలిపేదాన్ని. ఒక చేతిలో పిపెట్టు, ఇంకో చేతిలో స్టాప్‌వాచీ వచ్చాక కలపడానికి మూడో చెయ్యి ఎక్కడిది?

చెరుకు రసం బండి నడిపే ఆమెకు యాభై ఏళ్లుంటాయి. పొలం పని వదిలి పట్నం వచ్చి పాతికేళ్లయిందని చెప్పేది. పొద్దున ఏడింటికి స్కూటీ ఆపగానే గోనెపట్టా ఎత్తి మంచి గడ్డ వెతికేది.

"డాక్టరమ్మా, గీ గడ్డ చూడు, అద్దం లెక్క ఉన్నది. నీ కోసమే పక్కకు పెట్టిన" అనేది.

"ఇంకా డాక్టర్ కాలేదు పెద్దమ్మా."

"అయితవ్ తియ్. నా ఐసు తింటున్నది గద నీ చదువు, గాకేం జేస్తది?"

గోనెసంచిలో కట్టుకుని క్యాంపస్ దాకా తెచ్చేసరికి స్కూటీ వెనక నీటి చారలు పడేవి. రసం మానేసి ఐసు మొత్తం నాకే ఇచ్చిన రోజులున్నాయి. ఎండలో వచ్చిన గిరాకీలను "ఐసు లేదు, పో" అని తరిమేది. ఇంత గిరాకీ పోగొట్టుకుంటావెందుకంటే, మా ఇంట్ల ఎవరూ చదువలే, గిదన్న నా చేతుల మీద కానీ, అనేది.

మూడో ఏడాది వానాకాలంలో అన్ని రన్లూ కలిపి గ్రాఫు గీశాను. వేగాన్నీ ఉష్ణోగ్రతనూ ఒక పద్ధతిలో మార్చి గీస్తే చుక్కలన్నీ ఒకే తిన్నటి గీత మీద పడాలి. యాభై, నలభై అయిదు, నలభై, ముప్పై అయిదు, ముప్పై, అయిదూ బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. ఇరవై అయిదు కొంచెం పైకి జరిగింది. ఇరవై బాగా పైకి ఎగిరింది. ఎంత మెల్లగా జరగాలో అంతకంటే వేగంగా జరుగుతోందన్నమాట. మళ్లీ ఎండాకాలంలో చేశాను, మళ్లీ అదే వంపు. ఆ మరుసటి ఏడూ అదే. మూడేళ్లు ఒకే చోట తప్పు వస్తే అది తప్పులా కనబడదు, నిజంలా కనబడుతుంది.

మా సార్ కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. తల్లీదండ్రీ చర్చి బడిలో టీచర్లు. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆ గ్రాఫు చూసి లేచి నిలబడ్డారు.

"ఇది చూశావా అమ్మా? చల్లగా ఉన్నప్పుడు ఇంకో దారి తెరుచుకుంటోంది. వేడిలో అందరూ పెద్ద రోడ్డు పట్టుకుని పోతుంటే ఈ గల్లీ మనకు కనబడలేదు. ముప్పై ఏళ్ల నుంచి ఈ చర్య చేస్తున్నానమ్మా, నాకు కనబడలేదు!"

ఆయనే మంచి గ్రాఫు కాగితం మీద సొంత చేత్తో ఆ వంపు గీసి, టేబుల్ అద్దం కింద పెట్టుకున్నారు. ఇద్దరి పేర్ల మీద పేపరు అచ్చయింది. నా థీసిస్‌కు ప్రాణం ఆ వంపే. అది తీసేస్తే మిగిలేది తిన్నటి గీత, దేశంలో ఏ కాలేజీలోనైనా వచ్చే గీత. ఆయనకు జనవరి ఆఖరున రిటైర్మెంటు. నాకు యూనివర్సిటీ ఇచ్చిన పొడిగింపు కూడా జనవరితోనే సరి. ఆలోపు థీసిస్ వేస్తే డాక్టరు, వేయకపోతే అంతే సంగతులు, ఆరేళ్లూ గంగలో కలిపినట్టే.

డిసెంబరు మొదట్లో థీసిస్ వేయడానికి ముందు జరిగే సెమినార్ అయింది. బయటి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, హబ్సిగూడ వైపు పరిశోధనా సంస్థలో పనిచేసేవారు, అంతా విని ఒకే ప్రశ్న అడిగారు. "ఇరవై డిగ్రీల రన్ ఎప్పుడైనా చలికాలంలో చేశారా?" లేదన్నాను. "ఒకసారి చేసి చూడండి, చాప్టర్ ఇంకా గట్టిపడుతుంది" అన్నారు. పాపం, ఆమె నా మేలు కోరే అన్నారు.

సార్ బతిమాలి నాకు ఆదివారాలు తొట్టి ఇప్పించారు. ఆదివారం పొద్దున ఆరింటికి వెళ్లాను. మా రాతి గోడల గదిలో అప్పటికి పద్దెనిమిది డిగ్రీలుంది. ఐసు అక్కర్లేదు, హీటరు కొంచెం వేస్తే ఇరవై నిలబడిపోయింది. స్వెటరు వేసుకుని, థర్మాస్‌లో టీ పెట్టుకుని, హాయిగా రన్ చేశాను. మధ్యాహ్నం లెక్క వేసి చుక్క పెడితే అది తిన్నటి గీత మీద పడింది.

ద్రావణం పాడైందనుకుని కొత్తది కలిపాను. రెండో ఆదివారం కూడా గీత మీదే. స్కూటీ తీసుకుని తార్నాక వెళ్లాను. చలికాలం ఆ బండి మీద మిర్చి బజ్జీలు వేసేది పెద్దమ్మ. ఐసు అడిగితే నవ్వింది.

"గింత సలిల ఐసెందుకు బిడ్డా, పానం మంచిగున్నదా?" అని, పక్క సందులో చేపలమ్మే అతని దగ్గరికి తనే పోయి రెండు గడ్డలు తెచ్చిచ్చింది.

ల్యాబుకు వచ్చి గది కిటికీలు మూశాను. రెండు రూం హీటర్లు అడిగి తెచ్చి గదిని వేడి చేశాను. ఏప్రిల్‌లో చేసినట్టే తొట్టికి ఎడమ పక్క ఐసు వేశాను. ఎడమ పక్క ఒక థర్మామీటరు, కుడి పక్క ఫ్లాస్కు మెడకు ఆనించి ఇంకోటి. ఎడమ పక్కది ఇరవై చూపించింది. కుడి పక్కది ఇరవై మూడున్నర చూపించింది.

ఇరవై మూడున్నర అనుకుని పాత అంకెలను మళ్లీ గ్రాఫు మీద పెట్టాను. మూడేళ్ల చుక్కలూ ఒక్కొక్కటే దిగొచ్చి గీత మీద కూర్చున్నాయి. గల్లీ లేదు, కొత్త దారి లేదు. ఐసు పక్కన చల్లబడుతున్న థర్మామీటరును చూస్తూ, అవతలి పక్క వెచ్చబడుతున్న ఫ్లాస్కు గురించి కథలు అల్లాను. ఇంకో థర్మామీటరు అవతలి పక్క పెడితే సరిపోయేది! బీరువాలో అరడజను పడున్నాయి. స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే తొట్టిలో నీళ్లు పారబోశాను, అలవాటు ప్రకారం.

సోమవారం సార్‌కు రెండు థర్మామీటర్ల సంగతి చెప్పాను. ఆయన నా కాగితాలు చాలాసేపు చూశారు. "కలిపే మోటారు లేదని నాకు తెలుసు కదమ్మా. నేను అడగాల్సింది" అన్నారు. మీ తప్పేం కాదు సార్ అని ఏదో అనబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"థీసిస్ ఇప్పుడున్నట్టే వేస్తావో, ఆపేస్తావో నువ్వే ఆలోచించుకో. నువ్వు తెస్తే నేను సంతకం పెడతాను."

నాకు ఒళ్లు మండిపోయింది. "మీరే చెప్పండి సార్. ఎప్పుడూ చెప్తారు కదా, ఇప్పుడెందుకు నా మీదికి తోస్తారు?" అని అరిచినంత పని చేశాను. ఆయన తల ఎత్తలేదు. "నేను చెప్తే నా నిర్ణయం అవుతుందమ్మా. డిగ్రీ నీది" అన్నారు. ఆ రోజు ఆయన్ని మనసులో ఎన్ని తిట్టానో నాకే తెలుసు.

ఎందుకు దాచాలి, వేసేద్దామనే అనుకున్నాను. ఎవరికి తెలుస్తుంది? ఇరవై డిగ్రీల దగ్గర ఒక గీత వంగిందా లేదా అని ఎవరు ప్రాణం పెట్టి చూస్తారు? ముప్పై నాలుగేళ్లొచ్చాయి, ఫెలోషిప్పు ఆగి రెండేళ్లయింది, పొద్దున కోచింగ్ సెంటర్లో క్లాసులు చెప్పుకుంటూ నెట్టుకొస్తున్నాను. నాలుగు కాపీలు బైండు చేయించాను. సార్ గదికి పట్టుకెళ్లాను. ఆయన కలం మూత తీసి నాలుగింటి మీదా సంతకం పెట్టారు. "ఆల్ ది బెస్టమ్మా" అన్నారు. కాపీలు ఎత్తుకుంటుంటే టేబుల్ అద్దం మీద చూపు పడింది. అద్దం కింద గ్రాఫు లేదు. రెండేళ్లు అది ఉన్న చోట చెక్క తెల్లగా, చతురస్రంగా కనబడింది.

సెక్షన్ ఆఫీసులో కిటికీ దగ్గర నా వంతు వచ్చింది. గుమస్తా "రసీదు ఎవరి పేరు మీద మేడమ్?" అన్నాడు. రేపొస్తానన్నాను. రేపు వెళ్లలేదు. ఆ నాలుగు కాపీలూ ఇప్పటికీ మా ఇంట్లో బీరువా మీద ఉన్నాయి, అమ్మ వాటి మీద దుమ్ము దులుపుతూ ఉంటుంది.

వెయ్యలేదని సార్‌కు చెప్పాను. ఆయన "మంచిదమ్మా" అని సొరుగు లాగి ఒక ఉత్తరం తీశారు. పేపరు అచ్చేసిన పత్రికకు రాసింది. ఆ ఫలితం తప్పని, దాన్ని వెనక్కి తీసుకుంటున్నామని, తప్పు తన పర్యవేక్షణలోదని. కింద తేదీ ఖాళీగా ఉంది. నా ముందే తేదీ వేశారు. నేను థీసిస్ వేసి ఉంటే ఆ ఉత్తరం పంపేవారా, చించేసేవారా? అడగలేదు. అడిగే ధైర్యం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

జనవరి ఆఖరున ఆయన వీడ్కోలు సభ జరిగింది. శాలువా కప్పారు. మాట్లాడిన పెద్దమనిషి ఒకాయన, ఉత్తరం సంగతి తెలియక, "చివరి రోజుల్లో కూడా చల్లటి చర్యల్లో కొత్త దారి కనిపెట్టిన మహానుభావులు" అని ఆ పేపరునే పొగిడాడు. చప్పట్లు కొట్టారు. సార్ శాలువా అంచు చూసుకుంటూ కూర్చున్నారు. నేను వెనక వరసలో ఉన్నాను. లేచి చెప్పాలనిపించింది, చెప్పలేదు. ఫొటోకు పిలిస్తే బాత్రూంకు పోయాను. అప్పుడప్పుడు ఆయన ఫోన్ చేస్తారు, పండక్కి నేను చేస్తాను, ఇద్దరం ఆరోగ్యాల గురించి మాట్లాడుకుంటాం. కొత్త గైడు కోసం నలుగురు తలుపులు తట్టాను. ఒకరు ఖాళీ లేదన్నారు, మిగతావాళ్లు నవ్వి టీ ఇచ్చారు. జనవరితో నా రిజిస్ట్రేషన్ పోయింది.

ఇప్పుడు రోజంతా తార్నాక కోచింగ్ సెంటర్లోనే. చర్యల వేగాల చాప్టర్ వచ్చినప్పుడు బోర్డు మీద ఆ తిన్నటి గీతే గీస్తాను. చుక్కలన్నీ దాని మీదే పడతాయి. పిల్లలు షార్ట్‌కట్ ఉందా మేడమ్ అంటారు, ఉందని చెప్తాను.

ఆ ఏప్రిల్లో ఒకరోజు క్లాసు నుంచి వస్తుంటే పెద్దమ్మ చెరుకు బండి దగ్గర నుంచి కేకేసింది.

"డాక్టరమ్మా! ఏంది, ఐసుకు రానే రావు. చదువు అయిపోయిందా? స్వీట్లు ఏవి?"

ఆ రోజు ఎండ, ఆకలి, పొద్దున సెంటర్ డైరెక్టర్‌తో గొడవ, అన్నీ కలిసి నెత్తికెక్కి ఉన్నాయి. నోరు జారింది.

"ఇంకెక్కడి చదువు! నీ ఐసే ముంచింది నన్ను."

ఆమె చేతిలో చెరుకు గడ అట్లాగే ఉండిపోయింది. గిరాకీలిద్దరు నిలబడి ఉన్నారు.

"నా ఐసా బిడ్డా?" అంది. "మంచి నీళ్లతోనే జేస్తరని జెప్పిండు గద ఫ్యాక్టరీ ఆయన. నాకేం ఎరుక? ముందుగల్ల జెప్తే ఇంకో కాడికెళ్లి తెద్దును గద. అయ్యో, గిన్నేండ్లు జెప్పకపోతివి."

నేను కంగారుపడిపోయి అంతా వివరించాను. ఐసు మంచిదే, తప్పు నాదే, థర్మామీటరు పెట్టిన జాగ తప్పు, కలపకపోవడం తప్పు అని చేతులు తిప్పుతూ చెప్పాను. తొట్టి ఇట్లా ఉంటుంది పెద్దమ్మా, ఐసు ఇక్కడ, ఫ్లాస్కు అక్కడ అన్నాను. ఆమె తలూపింది. ఒక్క ముక్క కూడా ఆమెకు ఎక్కలేదని నాకు తెలుస్తూనే ఉంది. నేను ఆమె మీద జాలిపడి మాట మారుస్తున్నాననుకుంది. రసం గ్లాసు చేతిలో పెట్టింది. అందులో ఐసు వేయలేదు.

కోచింగ్ సెంటర్‌కు ఆ బండి ముందు నుంచే పోవాలి, ఇంకో దారి లేదు. పలకరిస్తే పలుకుతుంది, మంచిగున్నవా బిడ్డా అంటుంది. డాక్టరమ్మా అనడం మానేసింది. నా స్కూటీ కనబడగానే ఐసు పెట్టె మీదికి గోనెపట్టా లాగి కప్పుతుంది.